మూడు తూటాల తుపాకి కావాల్నా? మూడెకరాల రైతు లెక్క



పోయిన వారం మా మండలంల ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో చూపించిండు. అమెరికాలో ఒకాయన నడుం లోతు గడ్డిల కుక్కను ముందు పెట్టుకొని నడుస్తున్నడు. కుక్క ఒక్కసారి ఆగింది. గడ్డిలకెల్లి అడవికోడి లాంటి పక్షి బుర్రుమని లేచింది. ఆయన తుపాకి భుజానికెత్తి వెంటవెంటనే రెండుసార్లు కాల్చిండు. మధ్యల తుపాకి తెరవలేదు, తూటా నింపలేదు.

"కాకా, దీన్ని సెమీ ఆటోమేటిక్ అంటరట. మూడు కిలోలు కూడా లేదంట. గసొంటిది ఒకటుంటె పందుల పీడ పోదా? నీకు లైసెన్సు ఉంది గద, నాకు ఎట్ల పెట్టుకోవాల్నో చెప్పు" అన్నడు.

ఆ తమ్మున్ని తప్పు పట్ట. ఆ ముందు రాత్రే అడివి పందుల మంద అతని పల్లి చేన్ల అరెకరం దున్నిపోయింది. కాయ ఊరే టైముకు వచ్చి, వరుస పట్టి ముట్టెతోని లేపి తిన్నయి. తెల్లారి చేను చూసినోళ్లకు ట్రాక్టర్ తోలినట్టె అనిపిస్తది. అప్పు తెచ్చి విత్తనం వేసినోనికి ఆ పొద్దు ఏం కనిపిస్తది? తుపాకే కనిపిస్తది. నాకూ ఒకప్పుడు గట్లనే కనిపించింది.

అతనికి అక్కడ ఒక్క మాటల జవాబు చెప్పలేకపోయిన. నా లెక్క మొత్తం ఇక్కడ రాస్తున్న. మీల కూడా చాలామందికి ఇదే ఆలోచన ఉన్నదని నాకు తెలుసు.

ముందు ఆ తుపాకి సంగతి. అది చెడ్డ వస్తువు కాదు, దాని పనికి అది మంచి పనిముట్టు. మీట ఒకసారి నొక్కితే ఒకటే తూటా పేలుతది. ఆ పేలుడుల పుట్టిన గ్యాస్ బలంతోనో, వెనక్కి తన్నే బలంతోనో ఖాళీ తూటా తనంతట తానే బయటపడి ఇంకోటి ఎక్కుతది. మనం మళ్ల మీట నొక్కుడే. నడిమి భాగం ఇనుముకు బదులు అల్యూమినియం కలిపిన లోహంతో చేస్తరు కాబట్టి తేలిక. మెట్ట చేన్లల్ల, గడ్డి బీళ్లల్ల కౌజు పిట్టల కోసం, ఫెజెంట్ అనే కోడి జాతి పక్షుల కోసం పొద్దంత నడిచేటోళ్లకు ఆ తేలికతనమే ముఖ్యం. రోజంత మోసి ఒక్క రెప్పపాటుల ఎత్తాలె గద. అక్కడ కూడా అడ్డూ అదుపూ లేకుండ ఏం కాలుస్తలేరు. వేటకు లైసెన్సు ఉంటది, సీజన్ ఉంటది. వలస పక్షుల వేటల తుపాకిల మూడు తూటాలకు మించి పట్టొద్దని నిబంధన ఉంది. చాలా రాష్ట్రాలల్ల వేటకు పోయేటోళ్లు కండ్లల్ల కొట్టొచ్చే నారింజ రంగు అంగీ గాని, టోపీ గాని వేసుకోవాలె. ఎందుకో తెలుసా? పక్షి అనుకొని మనిషిని కాల్చకుండ. ఈ నారింజ అంగీ మాట గుర్తు పెట్టుకోండ్రి, మళ్ల చెప్త.

ఇగ నా తుపాకి. అది మా నాయనది. పన్నెండు బోర్, సింగిల్ బ్యారెల్. పంట కాపలా కోసమని ఆయన లైసెన్సు తీసుకున్నడు. 2013ల నాయన పోయినంక తుపాకిని అప్పజెప్పి, నా పేరు మీద లైసెన్సు వచ్చేదాక ఆఫీసుల చుట్టు తిరిగిన. చేతికొచ్చిన రోజు నాయనే ఇంటికొచ్చినంత సంబరపడ్డ. పన్నెండేండ్ల నుంచి దాన్ని తుడుస్తున్న, నూనె పెడుతున్న, మోస్తున్న. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది అనుకుంట.

ఒకటి, తేలిక తుపాకి అంటె సుఖం అనుకోకండ్రి. నాది కూడా తేలికే. అదే తూటాను బరువు తుపాకిల పెడితే ఒక తీరు తంతది, తేలిక దాంట్ల పెడితే ఇంకా గట్టిగ తంతది. మొదటిసారి పెద్ద గుండ్ల తూటా కాల్చినంక నా భుజం మూడు రోజులు నల్లగ కమిలింది. భుజానికి గట్టిగ ఆనించకుంటె దవడకు కూడా తగుల్తది.

రెండు, పంది పక్షి కాదు. పక్షి పగలు మన ముందట లేస్తది. పంది చీకట్ల వస్తది, వాసన పడుతది, మంచె మీద మనం ఉన్నమని దానికి ముందే తెలుసు. మంచె ఈ మూలకుంటె ఆ మూలకెల్లి దిగుతది. చప్పుడు చేస్తె ఉరుకుతది. గంట సేపట్ల మళ్ల వస్తది, లేకుంటె పక్క చేన్ల దిగుతది. మొదటి ఏడు గాలిల కాలిస్తె పది రోజులు రాలేదు. రెండో ఏడు మూడు రోజులు. ఆ తర్వాత తుపాకి చప్పుడు వాటికి పటాకల చప్పుడు లెక్కనే అయింది. ఇన్నేండ్లల్ల నేను ఒక్క పందిని కూడా చంపలే. తుపాకి వల్ల నా పంట మిగిలిన ఏడు ఇది అని గట్టిగ చెప్పలేను.

మూడు, చట్టం. ఇది చాలామందికి తెల్వక ఇరుక్కుంటున్నరు. తుపాకి లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు. మొదటిది 1959 ఆయుధాల చట్టం కింద, రెండోది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద. లైసెన్సు జేబుల ఉన్నంత మాత్రాన పందిని కాల్చొచ్చని కాదు. ఆ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, జంతువు మనిషి ప్రాణానికి గాని, నిలబడ్డ పంటకు గాని ప్రమాదం అయిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలతో రాసిచ్చిన ఉత్తర్వు ఉండాలె. 2022ల చట్టాన్ని సవరించినంక అడివి పంది రెండో షెడ్యూల్‌ల ఉంది. ఉత్తర్వు లేకుండ కాలిస్తె మూడేండ్ల దాక జైలు, లక్ష దాక జరిమానా పడొచ్చు. నెమలి మొదటి షెడ్యూల్‌ల ఉంది, దాని శిక్ష ఇంకా ఎక్కువ. కూర తిన్నోడు కూడా కేసుల ఇరుక్కుంటడు.

ఇంకో మాట. ఆయుధాల చట్టం పంట కాపలాకు మొదట చెప్పేది గొట్టంల మందు కూరి కాల్చే తుపాకినే. అది సరిపోదని అధికారికి నమ్మకం కుదిరితేనే, గొట్టం 20 అంగుళాలకు తక్కువ కాని వేరే నున్న గొట్టం తుపాకి ఇయ్యొచ్చు. అంటె వీడియోల చూసింది కావాలని మనం అడుగంగనే ఇచ్చేది కాదు. కొత్తగ అడిగేటోళ్లకు పోలీస్ విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకి వాడకంల శిక్షణ కాగితం, అన్నీ ఉండాలె. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో కూడా లైసెన్సులనే రాసి ఉంటది.

నాలుగు, ఎలక్షన్లు. షెడ్యూల్ రాంగనే తుపాకి స్టేషన్‌ల పెట్టాలె. 2023ల మన అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ అక్టోబర్ 9న వచ్చింది, లెక్కింపు డిసెంబర్ 3న. మా దిక్కు యాసంగి పల్లి నేలల ఉండే టైం అదే. మళ్ల 2024 మార్చి 16న లోక్‌సభ షెడ్యూల్ వచ్చింది, జూన్ 4 దాక అదే కథ. పందులకు కోడ్ లేదు, మనకే ఉంది.

ఇవన్నీ తిప్పలే గాని, తిప్పలకు ఓర్చుకోవచ్చు. నేను మనసు మార్చుకున్నది తిప్పలకు కాదు. ఇప్పుడు చెప్పేది ఇంట్ల మా ఆమెకు తప్ప రెండేండ్లు ఎవ్వలకు చెప్పలే.

2022, సంక్రాంతికి వారం ముందు. మంచు బాగ కురుస్తున్నది. రాత్రి ఒంటిగంట దాటింది. మంచె దిగి గెట్టు మీద కూసున్న. ఒర్రె దిక్కు చేన్ల కసకస చప్పుడైంది. నల్లటి ఆకారం, నేలకు వంగి, కొంచెం జరుగుతది, ఆగుతది, మళ్ల జరుగుతది. పక్కా పందే అనుకున్న. చేతుల తుపాకి, దాంట్ల పెద్ద గుండ్ల తూటా. అంతకు ముందు రాత్రే నా చేన్ల పది గుంటలు పోయింది, కడుపు మండుతున్నది. చట్టం, అనుమతి ఏదీ యాదికి లేదు. ఎత్తిన. వేలు మీట మీదికి పోయింది.

అప్పుడు ఆ ఆకారం దగ్గింది.

బీడీ దగ్గు. మా పక్క చేను బావ. చలికి నల్ల గొంగడి కప్పుకొని, స్ప్రింక్లర్ పైపులు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జరుపుకుంటున్నడు. టార్చి పక్కకు పెట్టి రెండు చేతులతోని పైపు గుంజుతున్నడు, ఆ చప్పుడే నేను విన్నది. చిన్నప్పుడు ఇద్దరం ఒకటే బావిల ఈత నేర్చుకున్నం. ఆయన బిడ్డ పెండ్లికి బియ్యం మోసిన. ఆ రాత్రి ఆయనకు దగ్గు రాకుంటె ఏమయ్యేదో నేను రాయను.

తుపాకి తెరిచి తూటా తీసి జేబుల వేసుకున్న. చేతులు వణుకుతుంటె రెండుసార్లు కింద పడ్డది. "ఏం బావా, ఇంకా పండుకోలేదా?" అని ఆయన అడిగితే, "పందులొచ్చినయేమో అని" అన్న. అంతే అన్న.

నారింజ అంగీ మాట అప్పుడు నాకు తెల్వదు. వీడియో చూపించిన తమ్మునితోని మాట్లాడినంక తెలుసుకున్న. వాళ్లు పట్టపగలు, దూరం నుంచే కనిపించే రంగు వేసుకొని నడిచినా ప్రమాదాలు అయితున్నయి. మనం నడిరాత్రి నల్ల గొంగడి కప్పుకొని, ఒకరికి ఒకరు చెప్పకుండ చేన్లల్ల తిరుగుతం. నీళ్లకు ఒకడు, కాపలాకు ఒకడు, బహిర్భూమికి ఒకడు. ఇంత మంది మధ్యల మీట నొక్కినప్పుడల్ల వెంటవెంటనే పేలే తుపాకి పెడితే ఎట్లుంటది? నాది సింగిల్ బ్యారెల్ కాబట్టి ఒక్క తప్పే అయ్యేది. అక్కడ మూడు తప్పులకు జాగా ఉంది.

ఇగ లెక్క చూడుండ్రి. ఒక ఎకరాన్ని చదరంగ కొలిస్తె ఒక పక్కకు 64 మీటర్లు కూడా నిండదు. పన్నెండు బోర్ తూటాల చిన్న రవ్వలు కూడా రెండు వందల మీటర్ల దాక పోయి పడతయి. పందికి వాడే పెద్ద గుండ్లు అర కిలోమీటర్ దాటి కూడా పోతయి. అంటె నా చేన్ల నిలబడి అడ్డంగ కాలిస్తె, ఆ గుండు ముగ్గురు నలుగురు రైతుల గెట్లు దాటి పోతది. ఆ వీడియోల భూమి చూసిండ్రా? అక్కడి మైదానాల రాష్ట్రాలల్ల భూమిని చదరపు మైలు ముక్కలుగ కొలిచి పెట్టిండ్రు. ఒక ముక్క 640 ఎకరాలు. మా ఊరి చేన్లు ఎన్నో అండ్ల పడతయి. అక్కడ గుండు ఎంత దూరం పోయినా వాళ్ల చేన్లనే పడుతది. మన దగ్గర ఏ గుండైనా పక్కోని చేన్లనే పడుతది.

అందుకే నా అభిప్రాయం: తుపాకి పెద్ద భూమోని పనిముట్టు. రెండెకరాలు, మూడెకరాల మనకు అది కాపలా కాదు, పక్కోని ప్రాణానికి గండం. పంది బెదిరి ఎక్కడికి పోతది? నా చేన్ల నుంచి బావ చేన్లకే గద. నేను కాపాడుకున్నది ఆయన పోగొట్టుకుంటడు.

కరెంటు తీగల సంగతి కూడా చెప్పాలె. తుపాకి దొరకనోళ్లు మెయిన్ లైన్ నుంచి తీగ గుంజి చేను చుట్టు కట్టి పడుకుంటున్నరు. పంది కోసం కట్టిన తీగకు రైతులు, బర్లు, పొద్దున నీళ్లు చూసొద్దామని పోయిన ఇంటోళ్లే తగిలి చస్తున్నరు. ఏ యాసంగిలనైనా పేపర్ తెరిస్తె ఈ వార్త లేని నెల ఉండదు. తుపాకి కనీసం మనం చూస్తుంటె పేలుతది. ఆ తీగ మనం నిద్రపోయినప్పుడు చంపుతది. ఎవరన్న పక్కపొంటి కడుతుంటె సిగ్గుపడకుండ పోయి తీయించండ్రి. పగ అయినా మంచిదే.

"మరి ఏం చెయ్యాలె, పందులకు దండం పెట్టాల్నా?" అంటరు. మేం చేసింది చెప్త.

ఆ సంక్రాంతి తర్వాత నేను తుపాకిల తూటా పెట్టలే. ఏడాదిన్నర మాట్లాడి మాట్లాడి, పదకొండు ఇండ్లోళ్లం 24 ఎకరాలకు కలిపి ఒకటే సోలార్ కంచె వేసినం. కలిపి ఎందుకంటె ఈ లెక్క చూడుండ్రి. ఎకరం చదరంగ ఉంటె చుట్టు కొలత 255 మీటర్ల దాక వస్తది. అట్లా 25 ఎకరాలకు ఎవరికి వాళ్లు వేసుకుంటె ఆరు కిలోమీటర్లు దాటుతది. అదే 25 ఎకరాలు ఒకటే చదరంగ ఉండి చుట్టు వేస్తె 1,300 మీటర్ల లోపే. ఎకరానికి 50 మీటర్ల చిల్లర. ఐదు వంతులల్ల ఒక వంతు ఖర్చు. మా చేన్లు చదరంగ లేవు, వంకరటింకర ఉన్నయి, అయినా ఎకరానికి 6,500తో అయిపోయింది.

ఈ సోలార్ కంచె మెయిన్ కరెంటు లెక్క కాదు. దాని పెట్టె సుమారు సెకనుకు ఒకసారి చిన్న దెబ్బ లెక్క కరెంటు వదులుతది. తగిలితే జర్క్ కొడుతది, పట్టుకొని ఉంచదు. ముట్టె కాలిన పంది మళ్ల రాదు. కాని మూడు జాగ్రత్తలు. కింది తీగ జానెడు ఎత్తుల ఉండాలె, లేకుంటె ముట్టె పెట్టి కింది నుంచి దూరుతది. తీగకు గడ్డి తగలకుండ కోస్తనే ఉండాలె, తగిలితే దెబ్బ తగ్గుతది. బ్యాటరీ చూసే వంతు ఎవనిదో రాసి పెట్టుకోవాలె. మొదటి నెలల వంతు లెక్క లేక రెండు రాత్రులు కంచె చచ్చి ఉంది, ఆ రెండు రాత్రులే పందులు దిగినయి. వాటికి ఎట్ల తెలుస్తదో నాకైతే అర్థం కాదు. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు చెప్పినట్టు పల్లి చుట్టు నాలుగు వరుసలు కుసుమలు కూడా వేసినం. ఆ ముండ్లకు పంది జంకుతది. మక్కకైతే ఆముదం వేయమంటరు.

కంచె వేసింది 2023 సెప్టెంబర్‌ల. అక్టోబర్‌ల ఎలక్షన్ కోడ్ వచ్చి నా తుపాకి స్టేషన్‌కు పోయింది. ఆ యాసంగి నాకు పదేండ్లల్ల ఎన్నడూ రానంత పల్లి ఇంటికొచ్చింది. తుపాకి ఊర్లనే లేదు.

కంచెతో అంతా అయిపోదని నాకు తెలుసు. మా కంచె చూసి పందులు పక్కూరి చేన్ల మీద పడ్డయి, అది వాళ్లు మా మొఖం మీదనే అన్నరు. నిజమే. మందలు పెరిగినచోట తగ్గించాల్సిందే. కాని అది మన పని కాదు, సర్కారు పని. రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి, శిక్షణ ఉన్న మనిషిని పంపి, ఆ రాత్రి ఫలానా చేన్లకు ఎవ్వలు పోవద్దని డప్పు కొట్టించి, మంచె మీది నుంచి కిందికి కాల్చాలె. అప్పుడు గుండు నేలల దిగుతది. కేరళల 2022ల ఆ ఉత్తర్వులిచ్చే అధికారం పంచాయతీ పెద్దల చేతికి ఇచ్చిండ్రు. మనం అడగాల్సింది అటువంటి ఏర్పాటు, ఇంటికో తుపాకి కాదు. పంట పోయిన నెల దాటకముందే నష్టం చేతికి రావాలె, కలిపి వేసే కంచెకు సాయం రావాలె. ఈ రెండు అడుగుదాం, కలిసి అడుగుదాం.

నా లైసెన్సు గడువు వచ్చే ఏడు అయిపోతది. 2019 సవరణ తర్వాత ఒకసారి ఇస్తె ఐదేండ్లు నడుస్తది, రెన్యూవల్ చేసుకుంటె నా అరవైల దాక ఉంటది. చేసుకోను అనుకున్న. మా పెద్దోడు "తాత తుపాకి గద నాయినా" అని మొఖం చిన్నబుచ్చుకున్నడు. వానికి ఈ సంక్రాంతి రాత్రి సంగతి ఇప్పటిదాక చెప్పలే. ఇది చదివి తెలుసుకుంటడు. బావ కూడా చదువుతడు. బావా, ఆ రాత్రి నేను అబద్ధం చెప్పిన. ఇప్పుడు నిజం చెప్పిన.

వీడియో చూపించిన తమ్మునికి ఒక మాట. తుపాకి దరఖాస్తుకు పెట్టే తిరుగుడు నీ గెట్టు పక్క పది ఇండ్ల చుట్టు తిరుగు. కొలత టేపు నా దగ్గరుంది, ఆదివారం నేనే తెస్త. మీ దిక్కు చేన్లు ఎన్ని ఎకరాలు కలుస్తయో చూద్దాం.

రాత్రి చేన్లకు పోయేటోళ్లు టార్చి పట్టుకోండ్రి, మెడల ఏదన్న తెల్లటి తువ్వాల వేసుకోండ్రి, పక్కోనికి ఒక కేక వేసి పోండ్రి.

ఉంట.